బతుకమ్మ ఫొటోల్లో నీటి మట్టం: మా గొలుసుకట్టు చెరువుల ప్రాజెక్టు డైరీ

2025 మే, రెండో వారం

ఈ పని ఎందుకు మొదలైందో ముందే రాసి పెడుతున్నా. పోయిన యాసంగిలో మా ఊర చెరువు కింద చివరి మడుల వాళ్లు వరి పొట్టకొచ్చే టైంలో నీళ్లందక పంటను పశువులకు విడిచిపెట్టారు. మా చిన్నాయన రెండెకరాలు కూడా అట్లాగే పోయాయి. చెరువు నిండలేదా అంటే అదీ కాదు, దసరా నాటికి మత్తడికి, అంటే నిండిన చెరువు పొర్లే గట్టుకు, జానెడు తక్కువగా ఉంది, అది చూసిన ధైర్యంతోనే అందరూ నాట్లు వేశారు. ఆ నీళ్లు ఎన్నెకరాలను గట్టెక్కిస్తాయో ఎవరూ లెక్క కట్టలేదు, కట్టడానికి చేతిలో లెక్క కూడా లేదు. నేను చదివింది సివిల్, ఉద్యోగం హన్మకొండలో. నీటి మోడళ్ల గురించి చదివినదాన్ని మా ఊరికి ఒక్కరోజు కూడా వాడలేదన్న బాధ ఆ ఎండిన మడుల గట్టు మీద నిలబడ్డప్పుడు గట్టిగా తగిలింది. చిన్నాయన కొడుకు, మా తమ్ముడికి పైథాన్ బాగా వచ్చు. ఇద్దరం కలిసి మా చెరువుల నీటి లెక్క కట్టే కంప్యూటర్ మోడల్ ఒకటి రాయడం మొదలుపెట్టాం.

ఊరు పర్వతగిరి వైపు. ఒకే ఒర్రె మీద ఒకదాని కింద ఒకటిగా ఒక కుంట, మూడు చెరువులు. పై ఊరి చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు మా చెరువుకు, మాది దుంకితే కింది ఊరికి, అక్కడి నుంచి ఆకేరు, ఆకేరు నుంచి మున్నేరు, మున్నేరు నుంచి కృష్ణ. చాలామంది వరంగల్ అంటే గోదావరి అనుకుంటారు కానీ ఉమ్మడి జిల్లా రెండు బేసిన్ల నడుమ ఉంది. రామప్ప, లక్నవరం నీళ్లు గోదావరికి పోతాయి, పాకాల నీళ్లు మున్నేరు దారిన కృష్ణకు పోతాయి. కాకతీయుల కాలంలో ఈ చెరువులు తవ్వించినవాళ్లు ఏ ఒర్రె ఎటు పారుతుందో కాలినడకన చూసి తెలుసుకున్నవాళ్లు. మేమూ నడకతోనే మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాం.

మోడల్ జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కటే: దీపావళి నాటికి చెరువులో ఉన్న నీళ్లకు యాసంగిలో ఏ పంట ఎన్నెకరాలు వేస్తే చివరి మడి దాకా అందుతుంది?

మే, నాలుగో వారం

చెరువు పూర్తిగా ఎండింది, మాకు కావాల్సిందీ అదే. నేల ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్ మిషన్, స్టాఫ్ అనే అంకెల కర్ర అద్దెకు తెచ్చి, మూడు ఆదివారాలు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో తిరిగాం. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదింటికల్లా ఆపేసేవాళ్లం, ఆ తర్వాత ఎండకు గాలి అలలు అలలుగా కదిలి స్టాఫ్ మీద అంకెలు కనబడవు. తూము నోటి మట్టాన్ని సున్నా అనుకుని, ప్రతి 25 మీటర్లకు ఒక రీడింగ్ తీసుకున్నాం.

కొలిచాక బయటపడ్డది ఇది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక కూడా తీశారు. ఆ మట్టి చెలకల్లోకి పోయి పంటలకు మంచి బలం ఇచ్చింది, ఇప్పటికీ రైతులు చెప్పుకుంటారు. అయితే తవ్వినదాంట్లో పెద్ద భాగం కట్టకు దగ్గరగా, తూము నోటి కంటే కింద ఉంది. ఆ గుంతల్లో నిలిచే నీళ్లు తూములోంచి పారవు. అవి చేపలకు, బర్రెలకు, చుట్టూ ఉన్న బోర్లకు పనికొస్తాయి, అది కూడా చిన్న లాభం కాదు. ఆయకట్టు లెక్కలో మాత్రం వాటిని కలపకూడదు. చెరువు సామర్థ్యం అని ఒకే అంకె రాసుకుంటే ఈ తేడా కనబడదు. అందుకే మా ఫైల్లో రెండు వరుసలు పెట్టాం, తూముకు పైన ఉన్నవి, తూముకు కింద ఉన్నవి.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ ఈ పూడిక బాధ ఉన్నదే. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు 112 టీఎంసీలు, ఇప్పుడు లెక్కలోకి తీసుకునేది 80 టీఎంసీల చిల్లర. పాత అంకెతో మోడల్ నడిపితే లేని నీళ్లను పంచినట్టే.

జూన్, మొదటి వారం

కంప్యూటర్ మీద మొదటి దెబ్బ. నేల ఎత్తుపల్లాల కోసం అందరూ వాడే ఎస్‌ఆర్‌టీఎం డేటా దించాం, 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచింది, 30 మీటర్లకు ఒక గడి. మన చెరువు కట్ట పైభాగం వెడల్పు మూడు నాలుగు మీటర్లు, 30 మీటర్ల గడిలో అది ఎక్కడ కనబడాలి? కట్ట వెంట తాటిచెట్లు ఒత్తుగా ఉన్నచోట మాత్రం నేల ఉబ్బినట్టు చూపిస్తోంది.

దాని మీద క్యూజీఐఎస్ అనే మ్యాపుల ప్రోగ్రామ్‌లో వాగుల దారి గీయాలంటే ముందు గుంతలను పూడ్చాలి, లేకపోతే నీటి దారి గుంతలో ఆగిపోయి ముందుకు కదలదు. ఆ బటన్ నొక్కగానే ఎత్తుపల్లాల మ్యాపులో గుంతలా కనబడ్డ ప్రతి చెరువూ నిండా పూడిపోయి చదునైంది. ప్రోగ్రామ్ తప్పేమీ లేదు, దాని దృష్టిలో గుంత అంటే డేటాలో లోపం. మన దగ్గర మాత్రం గుంత అంటే ఊరికి అన్నం. ఆ రాత్రి కుంటను, మూడు చెరువులను ఒక్కొక్కటిగా చేత్తో గీసి, కట్టలు నిలబెట్టి, మత్తడి ఉన్నచోట దారి తెరిచి మళ్లీ నడిపాం. అప్పుడు గాని ఒర్రె మా ఊరి ఒర్రెలా పారలేదు.

జూన్ చివర

మృగశిరలో ఒక మంచి వాన పడ్డది, ఇంటి మీద పెట్టిన వానమాపకంలో 50 మి.మీ. తమ్ముడు ఉత్సాహంగా ఫోన్ చేశాడు, మోడల్ ప్రకారం చెరువులోకి నీళ్లు రావాలని. కట్ట మీదికి పోయి చూస్తే చెరువులోకి చుక్క రాలేదు.

మేం వాడుతున్నది కర్వ్ నంబర్ పద్ధతి. పడ్డ వానలో ఎంత నేలలో ఇంకుతుంది, ఎంత పైన పారుతుంది అనేదాన్ని ఒకే అంకెతో చెప్పే పాత అమెరికా పద్ధతి, ప్రపంచమంతా వాడతారు. ఆ అంకె 80 పెడితే 50 మి.మీ. వానకు దాదాపు 14 మి.మీ. పారుతుంది, 70 పెడితే 6 మి.మీ. కూడా పారదు. పది అంకెల తేడాకు చెరువులోకి వచ్చే నీళ్లు రెండింతలకు పైగా మారిపోతాయి, ఆ పది అంకెలు పుస్తకంలో ఒక వరుస పైన, ఒక వరుస కింద. నేల తడిని బట్టి అంకె మార్చుకోమని ఆ పద్ధతే చెబుతుంది, అందుకు వెనకటి ఐదు రోజుల వాన చూడమంటుంది.

మా ఊరి నీరటి తాతను అడిగా. ఆయన తండ్రి, తాత కూడా ఇదే తూము చూసుకున్నారు.

“ఐదు రోజులేంది బిడ్డా, ఆరుద్ర దాకా భూమి తాగుతనే ఉంటది. ఎండకాలమంత నెర్రెలు వాసి ఉన్నదాయె. పెద్దపుష్యాల నుంచి పడ్డదాంట్ల సగం మనకు దిగుతది.”

ఐదు రోజుల జ్ఞాపకం మా నేలకు చాలదని ఆయన మాటతో అర్థమైంది. కర్వ్ నంబర్‌ను పక్కన పెట్టి, నేలను ఒక తొట్టిలా రాసుకున్నాం. జూన్‌లో తొట్టి ఖాళీ, వాన పడ్డకొద్దీ నిండుతుంది, ఎండ, పంట కలిసి రోజూ కొంత తీస్తాయి, తొట్టి నిండాకే పైన పారుతుంది. ఎర్ర చెలకకు ఒక తొట్టి, నల్లరేగడికి ఇంకో తొట్టి. వరి మడులకు వేరుగా, ఎందుకంటే ఒడ్లు కట్టిన మడి తానే ఒక చిన్న చెరువు.

జూలై

స్వాట్ అనే పెద్ద మోడల్‌తో నెల రోజులు కుస్తీ పట్టి వదిలేశాం. అది చాలా గొప్ప పని చేసే మోడల్, అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు తయారుచేసింది, గోదావరి అంత బేసిన్‌కు, అంటే మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకుకు, పంటల మార్పు వల్ల నీళ్లెట్లా మారతాయో చూడాలంటే అలాంటిదే కావాలి. మాకున్నది నాలుగు నీటి తావులు, ఒక ఒర్రె. స్వాట్ అడిగే డజన్ల కొద్దీ పారామీటర్లలో మేం నిజంగా కొలవగలిగేవి చేతివేళ్ల మీద లెక్క పెట్టొచ్చు, మిగతావి ఊహించి నింపాలి, నింపినవి అటూ ఇటూ తిప్పితే ఏ జవాబు కావాలంటే ఆ జవాబు వస్తుంది. అది నాకు భయమేసింది. చిన్నాయన లాంటివాళ్లు ఆ జవాబును నమ్మి నాట్లు వేస్తారు కదా.

ఇప్పుడు మాది రెండొందల లైన్ల పైథాన్ కోడ్. ప్రతి చెరువుకూ రోజూ ఒకే లెక్క: నిన్నటి నీళ్లు, దానికి ఒర్రెలోంచి వచ్చినవి, పై చెరువు మత్తడి నుంచి దుంకినవి, చెరువు మీదే పడ్డ వాన కలుపు, ఆవిరైనవి, ఇంకినవి, తూములోంచి పోయినవి తీసెయ్, మత్తడి మట్టం దాటినవి కింది చెరువుకు పంపు. పెద్ద ప్రాజెక్టుల మోడళ్ల లోపల కూడా ఉండేది ఈ జమాఖర్చే. లోయర్ మానేరుకైనా, దాని 24 టీఎంసీలకైనా ఇదే పద్దు.

వాన డేటా గురించి ఒక మాట. వాతావరణ శాఖ దేశమంతటికీ గళ్ల రూపంలో 1901 నుంచి రోజువారీ వాన లెక్కలు ఇస్తుంది, చాలా విలువైనది, కానీ ఒక గడి దాదాపు 27 కిలోమీటర్ల వెడల్పు. మా నాలుగు చెరువుల పరీవాహకం మొత్తం ఆ గడిలో ఒక మూలకు సరిపోతుంది. 2023 జూలై ఆఖరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. పడ్డది. అట్లాంటి వానను పెద్ద గడికి సగటు చేస్తే ఆ ఊరి మీద పడ్డ కుంభవృష్టి మామూలు పెద్దవానలా కనబడుతుంది. అందుకే మండలాల్లో ఉన్న ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్క, మా ఇంటి మీది మాపకం రెండూ కలిపి వాడుతున్నాం, పాత ఏళ్లకు మాత్రమే గళ్ల లెక్క.

ఆగస్టు

మబ్బులు. సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటోల్లో ఈ నెలంతా తెల్లటి దూది తప్ప ఏమీ లేదు. మబ్బుల్లోంచి కూడా చూడగలిగే రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 బొమ్మలు తీసుకున్నాం, నీళ్లు నల్లగా కనబడతాయి. కింది ఊరి చెరువు మాత్రం సగం మాయమైంది, గుర్రపుడెక్క అల్లుకుని రాడార్‌కు పొలంలా కనబడుతోంది. దాన్ని చేత్తో సరిచేశాం. అమ్మ రోజూ పొద్దున పాలకు పోయినప్పుడు తూము రాతి మెట్లలో ఎన్నోది మునిగిందో చూసి ఫోన్‌లో చెబుతోంది. ఈ నెల మా దగ్గరున్న అన్ని డేటాల్లో అత్యంత నమ్మకమైనది అదే.

అక్టోబర్, మొదటి వారం

ఈ నెల గురించి ఎక్కువ రాయాలి.

మోడల్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తేలాలంటే పాత ఏళ్ల నీటి మట్టాలు కావాలి. శ్రీరాంసాగర్‌కు రోజూ పొద్దున మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో పేపర్లో వస్తాయి, 1091 అడుగుల పూర్తి మట్టానికి ఎంత తక్కువుందో ఇక్కడ చాయ్ హోటల్లో కూడా చెబుతారు. ఊరి చెరువుకు అట్లాంటి రికార్డు ఎవరు రాస్తారు? ఉపగ్రహం బొమ్మలతో నీటి విస్తీర్ణం తెలుస్తుంది కానీ, వానాకాలం ముగిసే రోజుల్లో, అంటే మాకు అన్నిటికంటే ముఖ్యమైన రోజుల్లో, మబ్బు లేని బొమ్మ దొరకడం అదృష్టం.

మొన్న సెప్టెంబర్ 30న సద్దుల బతుకమ్మ. చెరువు దగ్గర అమ్మ, అత్తమ్మలు, చెల్లెళ్లు అందరూ తూము పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేనే తీస్తున్నా. ఫోన్ స్క్రీన్‌లో వాళ్ల వెనక తూము రాయి, దాని మెట్లు, రెండో మెట్టు అంచుకు నీళ్లు. అప్పుడు తట్టింది. ప్రతి ఏడాదీ ఇదే చోట, వానాకాలం ముగిసే ఇవే రోజుల్లో, ఊళ్లో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఈ రాయిని ఫొటో తీస్తూనే ఉన్నారు. మెట్ల మట్టాలు మేలో మేమే కొలిచి పెట్టుకున్నాం. అంటే ఊరి ఫోన్లన్నీ కలిపితే అది మా చెరువు గేజీ పుస్తకం, నీటి మట్టాల రికార్డు.

అమ్మ అందరినీ అడిగింది. మూడు రోజుల్లో రెండు వందలకు పైగా ఫొటోలు వచ్చాయి, కొన్ని అల్బమ్‌లోంచి మళ్లీ ఫొటో తీసినవి. మొహాలు మాకు అవసరం లేదు, తూము రాయి మేరకు కత్తిరించి మిగతాది తీసేశాం, అది ముందే అందరికీ చెప్పాం. ఒక చిక్కు వచ్చింది. వాట్సాప్‌లో పంపిన ఫొటోకు తీసిన తేదీ చెరిగిపోతుంది. ఏ ఏడాదిదో తేల్చడానికి ఆడవాళ్లందరూ మా ఇంట్లో కూర్చున్నారు. “ఇది ఆ చీర పంచిన సంవత్సరం”, “ఇగో, చిన్నది ఇంకా చంకలనే ఉన్నది, అంటే 2018”, “ఇది కరోనా తర్వాతి పండుగ, అందరం మళ్ల వచ్చినం గదా”. ఏడాది తేలితే తేదీ పంచాంగం చెబుతుంది. పెద్ద బతుకమ్మలు ఉంటే పండుగ చివరిదైన సద్దుల రోజు, చిన్నవైతే మొదటిదైన ఎంగిలిపూల రోజు. ఒక్కో ఏడాదికీ ఒకే మెట్టు చూపించే ఫొటోలు కనీసం మూడు ఉంటేనే తీసుకున్నాం. తొమ్మిదేళ్లు తేలాయి, 2016 నుంచి 2024 దాకా.

పండుగ తేదీ కదులుతూ ఉంటుంది, అది మరవకూడదు. 2023లో సద్దుల బతుకమ్మ అక్టోబర్ 22, ఈ ఏడు సెప్టెంబర్ 30. మూడు వారాల తేడాలో ఒక మంచి వాన పడొచ్చు, లేదా అన్ని రోజుల ఎండ తగలొచ్చు. అందుకే మట్టాన్ని పండుగతో కాకుండా తేదీతోనే మోడల్‌కు ఇచ్చాం.

మొదటి ఐదేళ్లతో తొట్ల కొలతలు సరిచేసుకుని, మిగతా నాలుగేళ్లను మోడల్‌కు చూపకుండా దాచి, చివర్లో పోల్చాం. మూడేళ్లు అరమెట్టు తేడాలోపు వచ్చాయి. ఒక ఏడు మాత్రం మోడల్ చెప్పినదానికంటే చెరువులో నీళ్లు మెట్టున్నర ఎక్కువ. దాన్ని తోసిపుచ్చలేదు, ఎర్ర రంగుతో గుర్తుపెట్టి ఉంచాం.

అక్టోబర్ 30

మొంథా తుఫాను నిన్న వరంగల్‌ను ముంచింది. హన్మకొండలో మా వీధిలో మోకాలి లోతు నీళ్లు, ఊళ్లో కల్లాల్లో పోసిన వడ్లు కొట్టుకుపోయాయి, పత్తి నల్లబడ్డది. ఈ రోజు మోడల్ గురించి రాయాలని లేదు, కానీ ఒక విషయం రాయకపోతే తప్పు.

మోడల్ ప్రకారం మత్తడి రాత్రి పన్నెండు దాటాక దుంకాలి. అమ్మ ఫోన్ చేసింది, ఇంకా దుంకలేదు, నీళ్లు మాత్రం కట్టకు పైపైకి వస్తున్నాయని. కారణం తర్వాత తెలిసింది. కొన్నాళ్ల కింద యాసంగికి నాలుగు నీళ్లు ఎక్కువ నిలుస్తాయని ఎవరో మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చారు, ఇద్దరం దాన్ని చూడలేదు. ఆ ఎత్తు చెరువు అలుగును ఆపి కట్ట మీద బరువు పెంచింది. నీరటి తాత, ఇంకా పదిమంది పిల్లలు టార్చిలైట్లతో పోయి బస్తాలు లాగేశారు, అప్పుడు మత్తడి దుంకింది, కట్ట నిలిచింది. 2023 జూలైలో వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డ సంగతి అందరికీ గుర్తుంది, అందుకే ఎవరూ ఆలస్యం చేయలేదు.

ఆ ఎర్ర రంగు ఏడు గుర్తొచ్చింది. తాతను అడిగితే అప్పుడూ బస్తాలు ఉన్నాయట.

నవంబర్, రెండో వారం

చెరువు నిండింది. గ్రామపంచాయతీ ముందు కూర్చుని లెక్క చెప్పే రోజు.

గ్రాఫులు తీసుకుపోలేదు. గోడ మీద సుద్దతో రాశాను. నిండిన చెరువు దాదాపు 60 ఎకరాలు పరుచుకుంటుంది, తూము నోటికి పైన సగటు లోతు ఆరడుగులు, అంటే 360 ఎకరం-అడుగులు, అంటే ఒక అడుగు లోతున 360 ఎకరాలు నింపే నీళ్లు. కోటీ 57 లక్షల ఘనపుటడుగులు. ఇప్పటి నుంచి ఏప్రిల్ దాకా రోజుకు సగటున 5 మి.మీ. ఆవిరైపోతుంది. నూట యాభై రోజులకు రెండున్నర అడుగులు. నీటి విస్తీర్ణం తగ్గుతూ వస్తుంది కాబట్టి సగటున 40 ఎకరాల మీద లెక్కేస్తే 100 ఎకరం-అడుగులు ఆకాశానికే. ఇంకేవి సుమారు 60, ఇవి ఊరి బోర్లలో తేలతాయి. చేతిలో మిగిలేవి 200.

యాసంగి వరికి ఎకరానికి నాలుగడుగుల నీళ్లు, అంటే 1200 మి.మీ. చొప్పున 50 ఎకరాలు. మక్కజొన్నకు అందులో సగం. పోయిన యాసంగిలో 90 ఎకరాలు వరి వేశాం. తొమ్మిదేళ్ల మట్టాలతో ఆ 90 ఎకరాలను మళ్లీ మళ్లీ మోడల్‌లో వేసి చూస్తే ఏడేళ్లు చివరి మడి ఎండింది.

ఎవరూ చప్పుడు చేయలేదు కాసేపు. తర్వాత చిన్నాయన అడిగాడు, “మరి నా మడికి?”

నా మనసులో ఉన్న ప్రశ్న కూడా అదే. జవాబు ఇట్లా చెప్పాను. 30 ఎకరాలు వరి, 40 ఎకరాలు మక్క వేస్తే అవే 200 సరిపోతాయి, చివరి మడుల వాళ్లు మక్క వేస్తే తొమ్మిదేళ్లలో ఎనిమిదేళ్లు పంట చేతికొచ్చింది. ఒక ఏడు మాత్రం రాలేదు, ఆ ఏడు దసరాకే చెరువు సగం. ఆ మాట దాచలేదు. తూము దగ్గరి వాళ్లలో ఒకాయన లేచి, “పైన మేం వరి వేసుకుని, కిందోళ్లను మక్క వెయ్యుమనుడు న్యాయమేనా?” అని అడిగాడు. ఆయన అడిగింది సరైన ప్రశ్న, దానికి మోడల్ దగ్గర జవాబు లేదు. ఎవరు వరి వేయాలో ఊరే తేల్చుకోవాలి. రెండు గంటలు మాట్లాడుకుని, ఈ ఏడు పైవాళ్లు కూడా ప్రతి ఒక్కరూ సగం మక్క వేయాలని ఒప్పుకున్నారు. మోడల్‌లో ఆ సర్దుబాటుకు కొత్త వరుస కలిపాం. చేపలు పట్టే సంఘం వాళ్లు కూడా వచ్చారు, మే దాకా గుంతల్లో నీళ్లుండాలన్నారు. ఆ గుంతలు తూముకు కిందివే కాబట్టి ఎవరికీ నష్టం లేదని చూపించగలిగాం. మేలో ఎండలో చేసిన కొలతలు అక్కడ పనికొచ్చాయి.

2026 జనవరి, మూడో వారం

పది రోజులుగా టెన్షన్. సంక్రాంతి ముందు తూము మూసి ఉంది, వాన లేదు, మట్టం మెల్లగా దిగాలి. అమ్మ ఫోన్‌లో మాత్రం అరమెట్టు పెరిగిందని చెబుతోంది. తప్పు చూసిందేమోనని మళ్లీ పోయి చూడమన్నా. మళ్లీ అదే. రెండు రాత్రులు కోడ్ లైన్ లైనూ చదివాం, ఆవిరి గుర్తు తలకిందులైందేమో, యూనిట్లు మారాయేమో అని. ఏమీ లేదు.

ఆదివారం పొద్దున ఒర్రె వెంట పైకి నడిచాం. పై ఊరి చెరువు దగ్గర కాలువ తూములోంచి నీళ్లు గలగలా వస్తున్నాయి. కాకతీయ కాలువకు యాసంగి తడి మొదలైంది, కొన్నాళ్లు వదిలి కొన్నాళ్లు ఆపే ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో ఒక వారం మాకు వంతు వచ్చింది, పై ఊరివాళ్లు దాన్ని ముందు తమ చెరువులోకి మళ్లించుకున్నారు, వాళ్ల మడుల్లోంచి జారిన ఊట మా ఒర్రెలోకి దిగుతోంది.

అక్కడే గట్టు మీద కూర్చుని తమ్ముడికి మ్యాపు చూపించా. నాసిక్ దగ్గర పుట్టిన గోదావరి, మరాఠ్వాడా దాటి, పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌లో ఆగి, 284 కిలోమీటర్ల కాకతీయ కాలువలో లోయర్ మానేరు మీదుగా ఇక్కడి దాకా నడిచొచ్చి, ఈ ఒర్రెలోంచి ఆకేరు వైపు, అంటే కృష్ణ వైపు జారిపోతోంది. మేం మే నుంచి మా చెరువుల లెక్కను మా మీద పడ్డ వానతోనే కట్టాం. మా చెరువు మట్టంలో నాందేడ్ మీద పడ్డ వాన కూడా ఉందని ఇప్పుడు అర్థమైంది. నాలుగు చెరువులకు మోడల్ రాస్తున్నామనుకున్నాం, దాని పై గుమ్మం శ్రీరాంసాగర్ దగ్గర ఉంది.

కోడ్‌లో కాలువ అని కొత్త రాబడి చేర్చాం. దాన్ని ఊహించి పెట్టడం లేదు. కాలువ వదిలే షెడ్యూల్ వచ్చిన రోజున మాత్రమే, అదీ పై ఊరి తూము దగ్గర మేం పాతిన కర్ర గేజీ చదివాకే ఎక్కుతుంది. పై ఊరి పిల్లవాడొకడు రోజూ చదివి పంపుతానని ఒప్పుకున్నాడు. యాసంగి ఎకరాల లెక్కలోకి మాత్రం కాలువ నీళ్లను ఇప్పటికి కలపొద్దని అనుకున్నాం. వస్తే బోనస్, రాకపోతే ఎవరి మడీ ఎండదు.

ఫిబ్రవరి, రెండో వారం

మక్క మోకాళ్ల ఎత్తు దాటింది. ఐదో మెట్టు ఫిబ్రవరి 8న తేలాలని మోడల్ చెప్పింది, అమ్మ ఫోన్ 12న వచ్చింది. ఆ నాలుగు రోజులూ కాలువవే అయ్యుండాలి, గేజీ కర్ర రీడింగులతో కలిపి చూడాలి.

చేయాల్సినవి రాసి పెట్టుకుంటున్నా. కింది ఊరి బతుకమ్మ ఫొటోలు అడగాలి, వాళ్ల తూము రాయికి మెట్లు లేవు కాబట్టి కట్ట మైసమ్మ గుడి గద్దెను గుర్తుగా తీసుకోవచ్చు. మత్తడి మీద బస్తాలు ఉన్నాయా లేవా అని జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పోయి చూడాలి. నీరటి తాత వచ్చే ఆదివారం రమ్మన్నాడు, వాళ్ల నాయిన కాలంలో చెరువు తెగిన సంవత్సరం నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఊరి పాత బడి గోడ మీద గీత చూపిస్తానని. లెవెల్ మిషన్ శనివారమే తెచ్చి పెట్టుకోవాలి.